క్రియలతో రాసిన కాగితం

మా పాపకు మూడేళ్లు. ఒంట్లో వేడి బాగా పెరిగితే ఫిట్స్ వస్తాయి. చాలామంది పిల్లల్లో బడికి వెళ్లే వయసు దాటేసరికి ఇది దానంతటదే పోతుందని డాక్టరు చెప్పారు. ఆ వయసు ఇంకా రాలేదు. నేను పక్కన ఉన్నప్పుడు వస్తే ఏం చేయాలో ఇప్పుడు నాకు తెలుసు. నేను లేనప్పుడు వస్తే దాని చుట్టూ ఉన్న చేతులు ఏం చేస్తాయి? ఈ ఏడాదంతా నన్ను తిన్న భయం ఇదొక్కటే. ఆ భయానికి మందు వెతుకుతుంటే, ఎప్పుడో డిగ్రీలో చదివి మరిచిపోయిన ఇంగ్లిష్ పాఠం ఒకటి అక్కరకొచ్చింది. అదెలాగో రాసి పెట్టుకుందామని కూర్చున్నాను. పాప నిద్రపోయింది. నుదుటి మీద చెయ్యి వేసి చూసే వచ్చాను.

నేను చదివింది చేవెళ్లలో. మా ఇంగ్లిష్ సార్ వ్యాకరణం పుస్తకంలోంచి చెప్పేవారు కాదు. బోర్డు మీద వరుసగా డబ్బాలు గీసేవారు. మొదటి డబ్బాలో ఎవరు, రెండో దాంట్లో చేసే పని, మూడో దాంట్లో దేన్ని. 'ఫార్మర్స్ గ్రో టమాటోస్.' రైతులు టమాటలు పండిస్తారు. మాలో సగం మంది టమాట తోటల నుంచే వచ్చినవాళ్లం కాబట్టి ఇది వెంటనే ఎక్కేది. తర్వాత ఇంకో వరుస డబ్బాలు గీసేవారు. 'టమాటోస్ ఆర్ రెడ్.' ఇందులో ఎవరూ ఏమీ చేయడం లేదు. ఉన్నది ఎలా ఉందో చెప్పడమే. ఇంగ్లిష్‌లో చాలా వాక్యాలు ఈ రెండు అచ్చుల్లోనే పోసి ఉంటాయని, పెద్ద పెద్ద వాక్యాలంటే వీటికి తోకలు తగిలించడమేనని ఆయన అనేవారు.

విశేషణాల దగ్గరికి వచ్చినప్పుడు ఆయన అన్న మాట నాకు బాగా గుర్తు.

"అడ్జెక్టివులు పెండ్లికొచ్చిన చుట్టాల్లెక్క. వస్తె ఇంటికి అందమే. కని పని మాత్రం ఇంటోళ్లే చెయ్యాలె. ఇంటోళ్లెవరు?"

"వర్బ్స్ సార్," అనేవాళ్లం అందరం కలిసి.

ఒకరోజు బోర్డు మీద మొదటి డబ్బా ఖాళీగా వదిలేసి, రెండో దాంట్లో 'గివ్', మూడో దాంట్లో 'మీ', నాలుగో దాంట్లో 'వాటర్' అని రాశారు. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి లేచింది.

"సార్, మొదటి డబ్బల ఎవరూ లేరు గద. ఎవరియ్యాలె నీళ్లు?"

"ఎవలు ఇంటె వాళ్లు. ఇప్పుడు నువ్వు ఇన్నవ్ గద? ఇగ నువ్వే పోయి తే."

ఆ అమ్మాయి నిజంగానే బయటికి వెళ్లి కుండలోంచి గ్లాసుడు నీళ్లు తెచ్చింది. సార్ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, పాఠం అయిపోయిందన్నారు. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వి, పరీక్షలో నాలుగు ముక్కలు రాసి, ఆ తర్వాత దాని గురించి ఆలోచించలేదు.

పెళ్లయి హైదరాబాద్ శివారు మొయినాబాద్ వచ్చాక నాకు దొరికిన ఉద్యోగం పూర్తిగా సార్ చెప్పిన ఆ చుట్టాలతోనే. పెళ్లిళ్లకు కిరాయికిచ్చే ఒక తోటకు ఆఫీసు ఉంది. ఫోన్లో, మెయిల్లో అడిగినవాళ్లకు ఇంగ్లిష్‌లో జవాబులు రాయడం నా పని. మా గడ్డి పచ్చగా ఉంటుందని, హాలు పెద్దగా ఉంటుందని, గాలి చల్లగా ఉంటుందని రోజుకు ఎన్నిసార్లు రాస్తానో. 'లష్ గ్రీన్ లాన్', 'సెరీన్ అండ్ స్పేషియస్ వెన్యూ'. తోట యజమానిది పక్కనే ఉన్న కనకమామిడి ఊరు. భూములున్న కుటుంబం, ఊళ్లో రాజకీయం కూడా చూసుకుంటారు. ఇంగ్లిష్ పెద్దగా రాదు గానీ, మెయిలు చూడగానే చుట్టాలు తక్కువైతే కనిపెట్టేస్తారు.

"ఇంకింత అందంగ రాయి బిడ్డా. సదివితె పెండ్లయినోళ్లకు సుత ఇంకోపారి చేసుకోవాలనిపియ్యాలె."

అలా రాసి రాసి నా చెయ్యి అలాగే తిరిగిపోయింది.

పాపకు మొదటిసారి ఫిట్స్ వచ్చింది ఒక ఆదివారం, ఇంట్లో అందరం ఉన్నప్పుడు. పొద్దుటి నుంచి జ్వరం ఉంది. మందు వేశాను. మధ్యాహ్నం నా ఒళ్లో పడుకుని ఉండగా కళ్లు పైకి తేలిపోయాయి. చేతులు, కాళ్లు కొట్టుకోవడం మొదలైంది. నేను దాన్ని రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నాను. మా అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి అరిచింది.

"తాళంచెవులు తెండ్రి. చేతిల ఇనుము పెట్టాలె."

మా వైపు ఫిట్స్ వస్తే చేసే మొదటి పని అదే. చేతిలో ఇనుము పెట్టి పిడికిలి మూస్తే ఆగిపోతుందంటారు. మా ఆయన లోపలికి పరుగెత్తాడు. మేకుకు ఎప్పుడూ వేలాడే తాళాల గుత్తి అక్కడ లేదు. అల్మారా మీద చూశాడు, టీవీ వెనక చూశాడు, జేబులోంచి ఒకటి తీసుకుని వచ్చాడు.

"బండి తాళం నడుస్తదా అమ్మా?"

"దానికి సగం ప్లాస్టికే ఉన్నది గదరా. ఇనుము గావాలె, ఇనుము. బీరువా గుత్తి ఏది?"

"నన్నడుగుతవేందే, పొద్దున నీ దగ్గరనే ఉండె గద."

గోడ అవతలి ఆమె ఉల్లిగడ్డ కోసుకుని వచ్చి వాసన చూపించమంది. ఇంతలో కొట్టుకోవడం ఆగిపోయింది. పాప ఒళ్లంతా వేలాడేసి కళ్లు మూసింది. అప్పుడు కనిపించింది గుత్తి, మా అత్తమ్మ నడుముకే. పొద్దున బీరువా తీసి అక్కడే దోపుకుందట. అప్పటికైనా దాన్ని తీసి పాప చేతిలో పెట్టి పిడికిలి మూసింది.

చేవెళ్లలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఆ పిడికిలి అత్తమ్మ విడవలేదు. డాక్టరమ్మ పాపను చూసి, ఏమేం చేశారో చెప్పమన్నారు. మా ఆయన చెప్పాడు. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు.

"తాళంచెవులు వెతికిన టైమ్‌ల పాపను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాల్సింది. నోట్లెకెల్లి నురుగొస్తే బయటికి పోతది, లోపలికి పోదు. మెడ కాడ బట్ట వదులు చెయ్యాలె. నోట్లో ఏం పెట్టొద్దు. గట్టిగ పట్టుకోవద్దు. గడియారం చూడాలె. ఐదు నిమిషాలు దాటినా ఆగకుంటె దగ్గరున్న దవాఖానకు ఉరకాలె. ఆగినా సరే, తర్వాత తెచ్చి చూపియ్యాలె."

"తాళంచెవులు పెడితె నష్టమా డాక్టరమ్మా?" మా అత్తమ్మ అడిగింది.

"నష్టం లేదు. లాభం గూడ లేదు."

తిరిగి వస్తూ కారులో అత్తమ్మ తనలో తాను అన్నట్టు అంది. "లాభం లేదంట. మల్ల ఎట్ల ఆగింది?"

"నువ్వు పెట్టకముందే ఆగింది గదనే," అన్నాడు మా ఆయన.

"నా నడుముకే ఉన్నయ్ గదరా. దగ్గర్లనే ఉన్నయ్ గద."

కొన్నాళ్లకు నేను మళ్లీ ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. మా అత్తమ్మకు బంతితోట ఉంది. పూలు కోసే రోజుల్లో తెల్లారకముందే వెళ్లి ఎండెక్కాక గానీ రాదు. వచ్చాక కూడా పూలు కుప్ప పోసి, సంచులకెత్తి, బండి వచ్చేదాకా ఎదురుచూడాలి. పాపను తోటకు తీసుకుపోతానంది గానీ ఆ ఎండలో నాకు ధైర్యం చాలలేదు. ఇంటికి దగ్గర్లోనే చిన్నపిల్లల బడి ఉంది. అక్కడ చేర్పించాం.

ఆ బడి నడిపే మేడమ్‌ది కోస్తా. భర్త ఐటీ ఉద్యోగం వల్ల ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. శుభ్రం, పద్ధతి ఉన్న మనిషి. పాప సంగతి నోటితో చెప్పబోతే ఆపారు.

"రాసివ్వండి. నోటితో చెప్తే నేనొకటి వింటాను, టీచరొకటి వింటుంది. ఇంగ్లిష్‌లో ఇవ్వండి, మా ఫైలు మొత్తం ఇంగ్లిషే."

ఆఫీసులో భోజనాల వేళ కూర్చుని రాశాను. నాలుగుసార్లు దిద్దాను. చివరికి ఇలా తయారైంది: 'మై డాటర్ ఈజ్ ఎ స్వీట్, యాక్టివ్ అండ్ లవింగ్ చైల్డ్. షీ ఈజ్ ప్రోన్ టు సీజర్స్ డ్యూరింగ్ హై ఫీవర్. యువర్ కైండ్ కోఆపరేషన్ అండ్ ఇమ్మీడియట్ అటెన్షన్ విల్ బి హైలీ అప్రీషియేటెడ్.' అంటే మా పాప ముద్దుగా, చురుగ్గా, ప్రేమగా ఉంటుంది. జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వచ్చే స్వభావం ఉంది. మీ దయగల సహకారమూ, తక్షణమైన శ్రద్ధా ఎంతగానో అభినందించబడతాయి.

మేడమ్ చదివి మెచ్చుకున్నారు. "ఎంత బాగా రాశారండీ. మా టీచర్లకి చూపిస్తాను, ఇలా రాయడం నేర్చుకోమని."

ఆ రోజు ఆఫీసులో నాకు మనసు తేలిగ్గా ఉంది. పాప భారాన్ని సరైన చోట అప్పజెప్పేశాననుకున్నాను.

పిల్లలతో నిజంగా ఉండేది మేడమ్ కాదు, టీచరూ కాదు. అన్నం తినిపించేది, నిద్రపుచ్చేది, బాత్రూముకు తీసుకుపోయేది ఆయమ్మ. షాబాద్ వైపు మనిషి. ఒక సాయంత్రం పాపను తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆమె ఒక్కతే ఉంది. చాపలు చుట్టి గోడకు ఆనిస్తోంది.

"ఆయమ్మా, మా పాప సంగతి మేడమ్ చెప్పిన్రా?"

"చెప్పింది బిడ్డా. జర జాగ్రత్త అన్నది."

"జాగ్రత్త అంటె ఏం చేస్తవ్?"

"ఏం చేసుడేంది. జాగ్రత్తంటె జాగ్రత్తనే."

"కాదు, ఫిట్స్ వస్తె ఏం చేస్తవ్ అని."

ఆమె చాప కింద పెట్టి, కొంగు పక్కకు జరిపి నడుము చూపించింది. పెద్ద గుత్తి.

"గిటు సూడు. స్టోరు రూముయి. మేడమ్ కాడ ఉంటుండె, అడిగి నా దగ్గర వెట్టుకున్న. నీ బిడ్డ కోసమే. చేతిల పెట్టి, పిడికిలి మూసి, కదలకుంట పట్టుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు." గొంతు కాస్త తగ్గించింది. "ఇంకోటి గూడ తీసి పెట్టిన. స్టీలు చెంచ. గట్టిది. పండ్ల నడుమ పెట్టకుంటె నాలిక కొరుక్కుంటరు. మా అన్న కొడుక్కు నేనే పెట్టిన."

ఆమె మీద కోపం రాలేదు. ఆ బడిలో మా పాప కోసం ముందుగా ఏదైనా చేసి పెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. చేసిందంతా తప్పే, అంతే. ఆ చెంచా ఎక్కడుందో అడిగాను. పాలగ్లాసుల పక్కన కడిగి బోర్లించి ఉంది. దాన్ని నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. ఇది మాత్రం వద్దని ఆమెతో అన్నాను.

మా ఆయనతో చెప్తే, "మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పరాదా," అన్నాడు.

"ఏమని? రాసి ఇచ్చిన గద."

"ఏం రాసినవ్?"

చదివి వినిపించాను.

"మంచిగనే ఉన్నది. మన పాప కోసం కాకుంట పెండ్లి కోసం రాసినట్టున్నది."

నాకు రోషం వచ్చింది. కాగితం ముందు పెట్టుకుని, సార్ గీసినట్టు డబ్బాలు గీశాను. మొదటి వాక్యంలో పని డబ్బాలో 'ఈజ్'. రెండో వాక్యంలోనూ 'ఈజ్'. రెండూ టమాటలు ఎర్రగా ఉంటాయి లాంటివే. మూడోది ఇంకా ఘోరం. మెచ్చుకోవడం ఉంది గానీ మెచ్చుకునే మనిషి లేదు. సహకారం, శ్రద్ధ అన్నవి ఎవరో చేసి తీరవలసిన పనులు. వాటిని నేను నామవాచకాలుగా మార్చి, ముందు ఒక్కో విశేషణం కూర్చోబెట్టి, బల్ల మీద పూలకుండీల్లా సర్దాను. ఉత్తరమంతా చుట్టాలే. ఇంటివాళ్లు ఒక్కరూ లేరు. పని రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేస్తే అది ఖాళీగా ఉండదు. ఎవరికి తెలిసిన పనిని వాళ్లు తెచ్చి అందులో పెడతారు. ఆయమ్మ తాళంచెవులు పెట్టింది, చెంచా పెట్టింది.

కొత్త కాగితం తీసుకున్నాను. ఈసారి ప్రతి వాక్యం క్రియతో మొదలుపెట్టాను. 'టర్న్ హర్ ఆన్ హర్ సైడ్.' పక్కకు తిప్పండి. 'లూజెన్ ద కాలర్.' 'పుట్ నథింగ్ ఇన్ హర్ మౌత్.' 'డు నాట్ హోల్డ్ హర్ డౌన్.' 'లుక్ ఎట్ ద క్లాక్.' 'కాల్ మీ.' ఐదు నిమిషాలు దాటితే 'టేక్ హర్ టు ద హాస్పిటల్.'

ఇంత చిన్నవి రాయడం చాలా కష్టమైంది. చెయ్యి ఊరుకోదు. 'ప్లీజ్' రాసి కొట్టేశాను. 'జెంట్లీ' రాసి కొట్టేశాను. తెలుగులో 'తిప్పండి' అంటే ఆ 'అండి'లోనే మర్యాద ఇమిడిపోతుంది. ఇంగ్లిష్‌లో 'టర్న్' అంటే బోడిగా ఉంటుంది. పెద్దవాళ్లను నువ్వు అన్నట్టే అనిపిస్తుంది. రెండుసార్లు చించేద్దామనుకున్నాను.

మేడమ్‌కూ అలాగే అనిపించింది.

"ఇదేంటండీ, ఆర్డర్లు వేస్తున్నట్టుంది? మొదటిదే బాగుంది కదా, ఎంత పొలైట్‌గా ఉందో."

"మేడమ్, మొదటిది చదివాక మీరు ఏం చేయాలనుకున్నారు?"

"ఏముందండీ, జాగ్రత్తగా చూసుకోవాలనుకున్నాం."

"ఆయమ్మ చెంచా తీసి పెట్టుకుంది మేడమ్, పళ్ల మధ్య పెట్టడానికి."

ఆవిడ కాగితం మళ్లీ చదివారు. ఈసారి వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివారు. 'లుక్ ఎట్ ద క్లాక్' దగ్గర ఆగి, లేచి, పిల్లలు పడుకునే గదిలోకి వెళ్లి నాలుగు గోడలూ చూశారు.

"ఈ రూమ్‌లో గడియారమే లేదండీ," అన్నారు. ఆ మాట నాతో కంటే తనతోనే అన్నట్టుంది.

ఆ పూటే తన గదిలో గడియారం తీయించి అక్కడ పెట్టించారు. నా మొదటి ఉత్తరం వందసార్లు చదివినా ఆ గదిలో గడియారం లేదన్న సంగతి బయటపడేది కాదు.

కాగితాన్ని గడియారం కింద అంటిద్దామన్నారు. పక్కన తెలుగులో కూడా రాస్తానన్నాను. మేడమ్ మొహమాటపడ్డారు. "పేరెంట్స్ వస్తుంటారు కదండీ. గోడ మీద తెలుగు కనిపిస్తే ఇది ఇంగ్లిష్ మీడియమేనా అని అడుగుతారు. నిజంగా అడిగారండీ ఒకరు." అందుకని కాగితం ఇంగ్లిష్‌లోనే ఉంది. చదవలేని మనిషికి నేను నోటితో చెప్పాలి.

వారం రోజులు సాయంత్రాలు కాసేపు ఆగి ఆయమ్మకు చెప్పాను. బడిలో పెద్ద గుడ్డ ఎలుగుబంటి ఉంది. దాన్ని చాప మీద పడేసి, ఫిట్స్ వచ్చాయి అనేదాన్ని. ఆమె తిప్పాలి. కాగితం మీద ఒక్కో వరుసను వేలితో తాకుతూ క్రియ మాత్రం చదివేదాన్ని. ఆమె కూడా అనేది.

"టర్న్."

"ఆఁ, టర్న్. తిప్పిన. ఇగ?"

"లూజెన్."

"దీనికి అంగే లేదు గద బిడ్డా, ఏం లూజు చెయ్యాలె?"

"ఉన్నదనుకో ఆయమ్మా."

"అనుకున్న. ఇప్పిన. ఇగ గడియారం చూస్తున్న. మల్ల తాళంచెవులు ఎప్పుడు?"

"తాళంచెవులు వద్దు."

"చెంచ వద్దంటె ఇడిసిపెట్టిన. తాళంచెవులు నిన్నేం చేసినయ్?"

"పట్టుకోవద్దు ఆయమ్మా, వాటికోసం చెయ్యి గట్టిగ పట్టుకుంటవ్. నీ చేతులు ఖాళీగ ఉండాలె."

ఆమెకు నచ్చలేదు. గుత్తి నడుముకే ఉంచుకుంది. నేనూ పట్టుపట్టలేదు.

తను నేర్చుకున్నది మరిచిపోకుండా ఆమె పిల్లలతో ఆడించడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అందరూ చాపల మీద పడుకున్నాక 'టర్న్' అనేది. పిల్లలంతా ఒక్కసారి పక్కకు దొర్లేవాళ్లు. 'లుక్' అంటే గడియారం వైపు తలలెత్తేవాళ్లు. టైమ్ చూడటం ఒక్కరికీ రాదు. ఒక ఆదివారం మా ఆయన అన్నం తిని నేల మీద కునుకు తీస్తుంటే పాప వెళ్లి భుజం పట్టుకుని తోసింది.

"డాడీ, టర్న్."

"ఏందే?"

"టర్న్." అతను తిరిగాడు. పాప అతని చొక్కా పై గుండీతో కుస్తీపట్టి, విప్పలేక వదిలేసి, గోడ గడియారం చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "మమ్మీకి కాల్," అంది.

మా అత్తమ్మ గుమ్మంలో కూర్చుని పూలమాల కడుతోంది. "గిదేం ఆటనే," అంది. నేను చెప్పాను. ఆమె దారం పళ్లతో తెంపింది. మరునాడు నన్ను పిలిచి, "ఆ పక్కకు తిప్పుడు ఎట్లనో నాకు గూడ సూపెట్టు," అంది.

వానలు తగ్గి జ్వరాల కాలం వచ్చింది. బడిలో సగం మంది పిల్లలు దగ్గుతున్నారు. ఆ రోజు పొద్దున పాపకు జ్వరం లేదు. థర్మామీటరు పెట్టి చూశాను, కాసేపాగి మళ్లీ చూశాను. కాస్త డీలాగా ఉంది. సెలవు పెడదామా అనుకున్నాను. సాయంత్రం తోటలో పెళ్లి ఉంది, పెళ్లివారు పొద్దుటి నుంచే వస్తారు. బడిలో దింపి వెళ్లాను. అన్నాల వేళ ఫోన్ మోగింది. మేడమ్.

"పాపకి జ్వరం వచ్చింది. ఫిట్స్ వచ్చాయి. ఆగిపోయాయి. ఊపిరి తీసుకుంటోంది. రండి."

ఆవిడ మాట్లాడిన అన్ని మాటల్లో నేను ఎన్నటికీ మరిచిపోనివి ఇవే. ఒక్క చుట్టం లేదు.

మా యజమాని నా మొహం చూసి ఏమైందని కూడా అడగలేదు. "కూసో బిడ్డా," అని తన కారు తీశారు. పెళ్లికి పూలు దించుతున్న బండి అడ్డంగా ఉంటే దిగి తనే పక్కకు తీయించారు.

నేను వెళ్లేసరికి పాప చాప మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. మెడ దగ్గర గుండీలు విప్పి ఉన్నాయి. నోటి పక్కన చాప తడిసి ఉంది. మేడమ్ గడియారం కింద నిలబడి ఉన్నారు. మిగతా పిల్లల్ని టీచరు పక్కగదికి తీసుకుపోయింది. ఆయమ్మ పాప వీపుకు తన మోకాలు ఆనించి, వెల్లకిలా పడకుండా కూర్చుంది. నేను పిలిస్తే పాప కళ్లు సగం తెరిచి, మళ్లీ మూసింది. ఒళ్లు కాలిపోతోంది.

"ఏమైంది ఆయమ్మా?"

"ముద్ద పెడుతున్న. కండ్లు తేలేసింది. నోట్ల ముద్ద లేకుండె. చాప మీద పండబెట్టిన. టర్న్ చేసిన. గుండీలు ఇప్పిన. గడియారం సూడుమని మేడమ్‌కు కేకేసిన. పట్టుకోలే. కొట్టుకుంటుంటె పానం ఆగలే, అయినా పట్టుకోలే."

"రెండు నిమిషాలండీ," అన్నారు మేడమ్. "రెండు కూడా నిండలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

పాపను ఎత్తుకోబోతుంటే దాని కుడి పిడికిలి బరువుగా తగిలింది. వేళ్ల మధ్యలోంచి ఇనుము కనిపించింది. స్టోరు రూము గుత్తి. నేను ఆయమ్మ వైపు చూశాను.

"అన్నీ అయినంకనే పెట్టిన," అంది ఆమె తగ్గకుండా. "కొట్టుకునుడు ఆగినంక. కాగితం మీదియన్నీ చేసిన. మేడమ్ నీకు ఫోన్ చేస్తున్నది. నువ్వు వచ్చేదాక నేనేం చెయ్యాలె? చేతులు ఖాళీగ ఉంచుమంటివి. ఎంతసేపని ఉంచుత?"

నేను ఆ గుత్తి తీయలేదు. అలాగే చేవెళ్ల తీసుకెళ్లాం. డాక్టరమ్మ చూశారు, జ్వరానికి మందిచ్చారు, సాయంత్రం దాకా అక్కడే ఉంచుకున్నారు. భయపడాల్సింది ఏమీ లేదన్నారు. పక్కకు తిప్పింది ఎవరని అడిగారు. చెప్పాను. "మంచిగ చేసింది," అన్నారు. అప్పుడే పాప పిడికిలి చూసి, నా మొహం చూసి, గుత్తిని అక్కడే ఉండనిచ్చారు.

రెండు రోజులకు గుత్తి తిరిగి ఇవ్వడానికి బడికి వెళ్లాను. స్టోరు తాళం తీయలేక మేడమ్ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. ఆయమ్మ గుత్తి తీసుకుని నడుముకు దోపుకుంది. నేను గోడ దగ్గరికి వెళ్లి, కాగితం మీద అన్నిటికంటే కింద ఇంకో వాక్యం రాశాను. 'దెన్ గివ్ హర్ ద కీస్.'

మేడమ్ వచ్చి చదివారు.

"ఇదెందుకండీ? డాక్టర్ చెప్పారా?"

"డాక్టర్ చెప్పలేదు మేడమ్. ఇది ఆయమ్మ కోసం."

"పేరెంట్స్ చూస్తే ఏమనుకుంటారో."

"ఇంగ్లిష్‌లోనే ఉంది కదండీ," అన్నాను.

ఆవిడకు నవ్వొచ్చింది. కాగితం మూల ఊడివస్తుంటే గోరుతో అదిమి వెళ్లిపోయారు.

భయం పోయిందని రాయలేను. పాపకు ఇంకో రెండేళ్లు, మూడేళ్లు ఇలాగే ఉండొచ్చు. ఆఫీసులో ఫోన్ మోగితే ఇప్పటికీ నా చెయ్యి ముందు చల్లబడుతుంది, ఆ తర్వాతే కదులుతుంది. కానీ ఆ చాప పక్కన ఎవరుంటారో, వాళ్ల చేతులు ముందు ఏం చేస్తాయో నాకు తెలుసు. ఇవాళ కూడా ఒక పెళ్లివారికి పచ్చటి, చల్లటి, విశాలమైన అంటూ మెయిలు రాసి వచ్చాను. అందులో తప్పేమీ లేదు, పెళ్లికి చుట్టాలు రావాల్సిందే.